దిమ్మ మీద మట్టి

నీళ్ళు వచ్చినట్టే వచ్చి వెనక్కి మళ్ళాయి.

ఊళ్ళో ఈ వింత మొదట చూసినవాడు పోలయ్య. మంగళవారం తెల్లవారుతుండగా వాన వెలిసింది. గొర్రెల్ని దొడ్లోనే ఉంచి, గోనెసంచి మడిచి నెత్తిన కప్పుకుని, ఆయన కొత్త కాలువ గట్టెక్కాడు. వాగు ఎర్రగా, నిండుగా పోతోంది. అందులోంచి ఒక పాయ కాలువలోకి తిరిగింది. పోలయ్య నీళ్ళ పక్కనే గట్టు మీద నడిచాడు, మందతో నడిచినట్టే, ఒక అడుగు వెనకగా. కాలువ పొడుగు నాలుగు వందల మీటర్లు. సరిగ్గా సగం దూరంలో, నరికేసిన తుమ్మ మొద్దు దగ్గర, నీళ్ళు ఆగాయి. నురగ, పుల్లలు, మేక పెంటికలు ఒకచోట చేరి గుండ్రంగా తిరిగాయి. అరగంట అట్లా తిరుగుతూనే ఉన్నాయి. ఈలోగా వాగు తగ్గింది. కాలువలో నీళ్ళు కూడా వచ్చిన దారినే జారుకున్నాయి. అవతల జిల్లేళ్ళకుంటలోకి ఒక్క చెంబెడు కూడా చేరలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు మల్లి పొయ్యి ముందర తడి కట్టెలతో కుస్తీ పడుతోంది.

"మ్మే మల్లీ, నీళ్ళు ఎనక్కి పోయినాయి."

"ఎనక్కి పోయేదేంది నాయనా? అవేమన్నా గొర్రెలా, అదిలిస్తే మళ్ళుకోడానికి?"

"నేను దాంతో పాటే నడిచినా గదా. మొద్దు కాడికి వచ్చి నిలబడినాయి. దోవ తెలీనట్టు నిలబడి, మళ్ళుకున్నాయి."

మల్లి కట్టె వదిలేసి లేచింది.

ఆ కాలువ సంగతి చెప్పాలి. మార్కాపురంలో పలకల కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాక, మిరప వరసగా రెండేళ్ళు ఎండాక, తర్లుపాడు మండలంలోని ఆ ఊళ్ళో చేతులున్న ప్రతి మనిషికీ మిగిలింది ఉపాధి పని ఒక్కటే. దాన్ని కూడా రెండు ముక్కలు చేశారు. తూర్పు వీధి ఒక పార్టీ, పడమటి వీధి ఇంకో పార్టీ. రెండు వీధులవాళ్ళు ఒక గుంపులో పనిచెయ్యరు, ఒక బిందెలో నీళ్ళు తాగరు. అందుకని వాగు వైపు సగం పడమటి గుంపుకీ, కుంట వైపు సగం తూర్పు గుంపుకీ ఇచ్చారు. చెరో కొస నుంచి మొదలుపెట్టి నడుమ కలవాలి. నలభై ఐదు రోజులు తవ్వారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా తవ్వి కలిశారు. తూర్పు గుంపు మేట్ మల్లి. ముగ్గు పోసి గీత గీయడం, ఎవరు ఎంత తవ్వాలో పంచడం, పూటపూటకీ అందర్నీ నిలబెట్టి ఫోనులో ఫోటో ఎక్కించడం ఆమె పని. పడమటి గుంపు మేట్ శివపార్వతి.

తుమ్మ మొద్దు దగ్గరికి మల్లి చేరేసరికే జనం మూగారు. మొద్దుకి ఇవతల వీళ్ళు, అవతల వాళ్ళు. ఎవరూ గీత గీయలేదు, అయినా ఒక్క కాలు కూడా అటూ ఇటూ పడలేదు.

"మీరు తవ్వింది కాలవ గాదు, బాయి! నీళ్ళు అందులో దిగినాక ఎక్కేదెట్ల?" తూర్పు వైపు నుంచి ఒకడు అరిచాడు.

"మీరు తవ్విందేందిరా? కోళ్ళు గీరినట్టు గీరి పెట్టినారు!"

"గీరినామా? మూడడుగులు! కొలతల పుస్తకంలో చూసుకో, మూడడుగులు!"

"మాదీ మూడే!"

తర్లుపాడులో ఎరువుల దుకాణం నడిపే రామలింగయ్య స్కూటర్ మీద దిగాడు. తూర్పు వీధి జెండా ఆయనే కడతాడు. ఇస్త్రీ చొక్కా, బురదలో పెట్టలేక పెట్టలేక పెడుతున్న చెప్పులు. ఆయన దిగిన రెండు నిమిషాలకి పడమటి వీధి పెద్ద సంజీవరావు తన మనుషులతో వచ్చాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇద్దరూ ఫోన్లు తీసి ఒకే మనిషికి చేశారు: కొలతలు రాసే టెక్నికల్ అసిస్టెంట్ విజయ్ కుమార్‌కి. ఆయన గురువారం వచ్చి పుస్తకం పెట్టి మళ్ళీ కొలుస్తానన్నాడట. రామలింగయ్య ఫోను జేబులో పెట్టుకుని అందరికీ వినబడేట్టు అన్నాడు: "గురువారం తేలుతుంది, కాలవ చెడగొట్టినోళ్ళు ఎవరో."

"తేలాల్సిందే," అని అవతల సంజీవరావు ఆకాశానికి చెప్పాడు.

మల్లి అరవలేదు. చెప్పులు గట్టు మీద విడిచి కాలువలోకి దిగింది. మొద్దు దగ్గర రెండు గుంపుల తవ్వకం కలిసినచోట అడుగున ఒక మెట్టు ఉంది. బురద చేత్తో తోసి చూసింది. పడమటి సగం కిందికి ఉంది, తూర్పు సగం పైకి ఉంది. తేడా జానెడు. జాన పెట్టి కొలిచింది, సరిగ్గా సరిపోయింది. ఇదే నీళ్ళని ఆపింది. వాళ్ళు జానెడు ఎక్కువ తవ్వారా, తాము జానెడు తక్కువ తవ్వారా? రెండు వైపులా మూడడుగులేనని పుస్తకం అంటోంది. నేల మట్టం ఒకటే. రెండు మూడడుగులు కలిసినచోట జానెడు ఎట్లా వస్తుంది?

ఊరంతా ఎవరు అని అడుగుతోంది. మల్లికి ఎట్లా అన్నది తెలుసుకోవాలనిపించింది.

తల ఎత్తితే అవతల గట్టు మీద శివపార్వతి కూడా అరవకుండా నిలబడి ఉంది. ఆ మెట్టునే చూస్తోంది. మల్లి చూడగానే కొంగు సర్దుకుని అటు తిరిగింది.

ఇంటికొచ్చాక పోలయ్య దొడ్లో ఒక గొర్రె కాలు తొడ మీద పెట్టుకుని గిట్టల మధ్య ముల్లు తీస్తూ అన్నాడు: "శుక్రారం మంద కొనే పొదిలాయన వస్తాడమ్మా. రమ్మని మాటిచ్చినా."

ముప్పై రెండు జీవాలు. మొన్నటిదాకా సంజీవరావు తమ్ముడి బోరు దగ్గర నీళ్ళు తాగేవి. మల్లి మేట్ అయిన నెలకి ఆయన తొట్టి బోర్లించాడు. నీ కూతురు ఆ పక్క మేట్ గదా, ఆ పక్కోళ్ళ బోరుకే తోలుకో అన్నాడు. ఆ పక్కోళ్ళకి నీళ్ళున్న బోరు లేదు. అప్పట్నించి రోజూ పోనూ రానూ నాలుగు కోసులు నడుపుతున్నాడు పోలయ్య. చూడి గొర్రెలు రెండు దారిలోనే ఈసుకుపోయాయి, పిల్లలు దక్కలేదు. కుంట నిండితే మంద ఉంటుంది. లేకపోతే శుక్రవారం లారీ ఎక్కుతుంది. ఆయన లెక్క అంతే.

"ఒక వానకి కాకపోతే ఇంకో వాన," అంది మల్లి.

"ఇంకో వానకీ అది ఎనక్కే పోతది గదా," అన్నాడు పోలయ్య. ముల్లు వచ్చింది. దాన్ని వెలుగులో పెట్టి చూసి, దొడ్డి బయటికి విసిరాడు.

*

బుధవారం పొద్దున్నే మల్లి టేపు పట్టుకుని కుంట వైపు కొస నుంచి నడిచింది.

మట్టి పనిలో ఎంత లోతు తవ్వారో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. కాలువ అంతా తవ్వుతారు గానీ, ఇరవై ఇరవై మీటర్లకి గట్టు వారగా ఒక మట్టి దిమ్మని తవ్వకుండా వదిలేస్తారు. గడ్డితో సహా పాత నేల అట్లాగే దాని నెత్తిన ఉంటుంది. దిమ్మ పైనుంచి అడుగుదాకా టేపు వేలాడదీస్తే లోతు తెలుస్తుంది. అబద్ధం చెప్పని సాక్షి అని ఆఫీసులో దానికి పేరు. తూర్పు సగంలో అట్లాంటి దిమ్మలు తొమ్మిది.

మొదటిదానికి టేపు పెట్టింది. మూడడుగులు. రెండోది, మూడోది, మూడడుగులే. ఇక్కడిదాకా నేల గరుసు, గడ్డపార పడితే దిగుతుంది. నాలుగో దిమ్మ నుంచి కింద పలకరాయి పొర మొదలవుతుంది. నల్లగా, రేకులు రేకులుగా, గడ్డపార మొన తగిలితే నిప్పు రాలేది. ఆ పొర మీద పదిహేను రోజులు పడి ఏడ్చారు. నాలుగో దిమ్మ కూడా మూడడుగులే ఉంది. అయిదోది మూడు. టేపు అబద్ధం చెప్పదు. మల్లి నిలబడి చెమట తుడుచుకుంది. అయితే తేడా వాళ్ళదే. పడమటోళ్ళే ఎక్కువ తవ్వారు. మనసుకి కొంచెం హాయిగా అనిపించింది. తప్పు అవతలివాళ్ళదని తెలిసినప్పుడు ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

ఆరో దిమ్మ ఒక మూల వానకి జారి ఉంది.

మల్లి దాన్ని దాటి పోబోయి ఆగింది. జారిన మూల లోపల గడ్డి కనబడింది. దిమ్మ నెత్తిన గడ్డి ఉండటం మామూలే. ఇది నెత్తిన కాదు, నెత్తికి జానెడు కింద. పసుపుపచ్చగా మగ్గిపోయి, నేల మధ్యలో అణిగిపోయిన గడ్డి చార. దాని మీద జానెడు మెత్తమట్టి. ఆ మట్టి మీద మళ్ళీ పచ్చగడ్డి. ఒకే దిమ్మకి రెండు నేలలు.

మోకాళ్ళ మీద కూర్చుంది. వేలితో గీకింది. పైపెళ్ళ రొట్టెముక్కలాగా విరిగి చేతిలోకి వచ్చింది. పెళ్ళ అడుగున అరచేతి గుర్తులు ఉన్నాయి. ఎవరో తట్టి అద్దారు. ఏడో దిమ్మ దగ్గరికి వెళ్ళి గోళ్ళతో పెరికింది. అక్కడా అంతే. వెనక్కి వచ్చి నాలుగు, అయిదు చూసింది. తొమ్మిదిదాకా చూసింది. మొత్తం ఆరు. ఆరింటికీ టోపీలు పెట్టారు.

పుష్పమ్మ ఇంటి ముందు రోటి పక్కన కూర్చుని చింతపండు కొడుతోంది. గిద్దలూరు నుంచి బస్తాలు దింపి పోతారు. గింజ తీసి ఇస్తే కూలి. రాయి మీద కాయ పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, గింజ అటు, గుజ్జు ఇటు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి ఆమెకి. తూర్పు గుంపులో అందరికంటే పెద్ద. తట్ట మొయ్యలేదు గనక దిమ్మల చుట్టూ చెక్కే పని ఆమెకి ఇచ్చింది మల్లి.

"అత్తా, దిమ్మల మీద మట్టి ఎవరు పెట్టినారు?"

సుత్తి ఆగలేదు. "ఏ దిమ్మ?"

"నాలుగు నుంచి తొమ్మిదిదాకా."

"అంత కరెస్టుగా తెలిసినాక నన్నడిగేదేంది? నేనే పెట్టినా."

మల్లి చతికిలబడింది. "నువ్వా? ఎందుకు పెట్టినావత్తా?"

"బాగా పెట్టినానా లేదా? ఇంజనీరు గూడా కనుక్కోలా." పుష్పమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. "గడ్డితో సహా పెళ్ళ కొయ్యాల. అడుగున బాటిల్ నీళ్ళు చిలకరించాల. అద్ది, పిడక తట్టినట్టు తట్టాల. రెండు రోజులు నీళ్ళు చల్లితే గడ్డి పట్టుకుంటది. మా మొగుడు కాలం నుంచీ ఉన్న విద్యే పిల్లా."

"ఎవరు చెప్పినారు నీకు పెట్టమని?"

అప్పుడు సుత్తి ఆగింది. పుష్పమ్మ కొత్త మనిషిని చూసినట్టు మల్లి వైపు చూసింది.

"నువ్వే గదమ్మే చెప్పింది."

"నేనా!"

"పలకరాయి తగిలిన మూడోనాడు. గడ్డపారలు రెండు వంగిపోయినాయి, రాధాకుమారికి చేతులు బొబ్బలెక్కి ఏడస్తా ఉంది. నువ్వు ఫోన్లో మాట్లాడొచ్చి ఏమన్నావు? పడమటోళ్ళు మూడడుగులు చూపిస్తన్నారంట, మనది తగ్గితే నలుగుర్లో నవ్వుతారు, ఎట్లన్నా చేసి మూడడుగులు కనపడాల అన్నావు. తవ్వాల అనలా. కనపడాల అన్నావు. అని ఫోటో ఎక్కించాలి, సిగ్నల్ లేదని దిబ్బెక్కినావు."

మల్లికి ఆ దిబ్బ గుర్తొచ్చింది. యాభై అడుగుల దూరం. ఫోను నెత్తి మీదికెత్తి నిలబడింది. కింద ఆడవాళ్ళు ఎందుకో నవ్వుకుంటున్నారు. పెళ్ళ కోసిన చప్పుడు కూడా వినిపించే ఉంటుంది. సిగ్నల్ వచ్చాక కూడా ఆమె కాసేపు అక్కడే నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో తెలిసే చూడలేదు.

"నేను చూళ్ళేదత్తా," అంది.

"చూడకుండా ఉండటానికేగా దిబ్బెక్కింది," అని పుష్పమ్మ మళ్ళీ సుత్తి ఎత్తింది. "పోనీలే. పడమటోళ్ళ మీదికి పోయిందిగా నేరం. నువ్వు గమ్మునుండు."

*

గురువారం విజయ్ కుమార్ బండి మీద వచ్చాడు. సంచిలో పుస్తకం, మెడకి తువ్వాలు. పాతికేళ్ళ కుర్రవాడు, నాలుగు ఊళ్ళకి ఒక్కడే. వచ్చీ రాగానే గట్టు మీద రెండు జనాల్ని చూసి నీరసపడ్డాడు.

వాగు వైపు నుంచి మొదలుపెట్టి ప్రతి దిమ్మకీ టేపు వేలాడదీశాడు. పైకి చదివాడు. పడమటి వైపు తొమ్మిది దిమ్మలు, మూడడుగులు. తూర్పు వైపు మొదటికి వచ్చేసరికి సంజీవరావు మనుషులు ముందుకు వంగారు. మూడడుగులు. ఆరో దిమ్మకి జారిన మూల వదిలేసి రెండో మూల నుంచి కొలిచాడు. మూడడుగులు.

"రెండు పక్కలా కరెక్టే," అన్నాడు విజయ్ కుమార్, పుస్తకం మూస్తూ.

"కరెక్ట్ అయితే నీళ్ళెందుకు ఎనక్కి పోయినాయి సారూ?" అడిగాడు పోలయ్య. "నీళ్ళు ఏ పార్టీ?"

జనంలో రెండు వైపులా నవ్వు లేచి, రెండు వైపులా ఆగిపోయింది.

మల్లి పక్కామె చేతిలో గడ్డపార తీసుకుంది. ఏడో దిమ్మ దగ్గరికి వెళ్ళి, పక్కనుంచి ఒక్క పోటు పొడిచింది. నెత్తి మీద పెళ్ళ గడ్డితో సహా లేచి కాలువలో బోర్లా పడింది. కింద అసలు నేల బయటపడింది, పసుపుపచ్చ గడ్డితో.

"ఇప్పుడు కొలవండి సార్."

విజయ్ కుమార్ టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆరు దిమ్మలకి ఇట్లనే పెట్టినాము. మా పక్క లోతు రెండుంబావు అడుగులే. జానెడు తక్కువ. మూడడుగులు కనపడాలని మా వాళ్ళకి నేనే చెప్పినా. చెప్పి, చూడకుండా అవతలికి పోయినా. పడమటోళ్ళ తప్పేం లేదు."

ఇంత చిన్న మాట చెప్పడానికి ఆమె రాత్రంతా పదాలు వెతుక్కుంది. మేట్ పని పోతుంది, తూర్పు వీధిలో తలెత్తుకోలేదు, అన్నీ ఆలోచించుకునే వచ్చింది. ఆలోచించుకోనిది ఒక్కటే. ఆ తప్పు ఎవరికీ అక్కర్లేకపోవడం.

ముందు రామలింగయ్య దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా ఇది? ఎండ దెబ్బ తగిలిందా? ఎవరన్నా మందు పెట్టినారా నీకు? మన మట్టిలో మనం ఏం చేసుకుంటే వాళ్ళకెందుకు?"

"మన మట్టి కాదన్నా, కాలవ."

"నోరు మూసుకో చెప్తా!"

సంజీవరావు అప్పటికే మొద్దు దాటి వచ్చేశాడు. రెండేళ్ళలో ఇవతలికి కాలుపెట్టడం అదే మొదలు. ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు. గొంతులో తేనె. "చెప్పమ్మా మల్లీ. భయపడమాక. మేమున్నాము. ఎవురు చేయించినారు నీచేత? పేరు చెప్పు."

"మల్లి."

"నీ పేరు గాదమ్మా. నీకు చెప్పినోళ్ళ పేరు."

"నాకెవరూ చెప్పలా మామా. తగ్గితే నవ్వుతారు అన్నాడు రామలింగయ్యన్న. మట్టి పెట్టమనలా. పెట్టించింది నేను. రాసుకోండి, మల్లి."

సంజీవరావు ఫోను దించాడు. మొహం వాడిపోయింది. మల్లి తప్పుతో ఆయనకి ఏం పని? మండలాఫీసు ముందు ధర్నా చెయ్యాలంటే ఆయనకి రామలింగయ్య తప్పు కావాలి. "ఆడమనిషి, తెలీక మాట్లాడతా ఉంది," అని గొణిగి ఆ వీడియో చెరిపేశాడు.

మల్లి విజయ్ కుమార్ వైపు తిరిగింది. "మీరు రాయండి సార్."

ఆయన ఆమెని పక్కకి తీసుకుపోయాడు. "అక్కా, ఈ దిమ్మలు కొలిచి మూడడుగులని సంతకం పెట్టింది నేను. తప్పని రాస్తే ముందు పోయేది నా ఉద్యోగం. తర్వాత మీ ఇద్దరి గుంపులకీ పనులు ఆపేస్తారు. రెండు వీధులకీ. నువ్వు చెప్పావు, నేను విన్నాను. వదిలెయ్యి."

"మరి ఏం రాస్తారు?"

విజయ్ కుమార్ ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు లేదు. పుస్తకం తెరిచి, అందరికీ వినబడేలా చదువుతూ రాశాడు: "మంగళవారం కురిసిన భారీ వర్షానికి గట్టు మట్టి జారి, కాలువ నడుమ పూడినది."

రామలింగయ్య తల ఊపాడు. సంజీవరావు ఒక నిమిషం ఆలోచించి తనూ ఊపాడు. రెండు పార్టీలూ ఆ ఊళ్ళో ఒక మాట మీదికి రావడం ఎవరూ చూడలేదు ఇంతకుముందు. తప్పు వానది.

"మరి పూడిక తియ్యటం?" అడిగాడు పోలయ్య.

"మళ్ళీ సాంక్షన్ రావాలి తాతా. వచ్చే వేసవికి పెడతాను."

జనం కదిలారు. మల్లి మేట్ పని పోలేదు. తూర్పు వీధిలో ఎవరూ ఆమెని తిట్టలేదు కూడా, పిచ్చిది అనుకున్నారంతే. ఏమీ పోలేదు, కుంట తప్ప.

*

శుక్రవారం తెల్లారగానే మల్లి గడ్డపార, పార భుజాన వేసుకుని బయల్దేరింది. హాజరు మస్టర్ లేదు, ఫోటో లేదు, కూలి లేదు. ముందురోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కాలువ అంతా తవ్వనక్కర్లేదు. నడిమధ్య రెండడుగుల వెడల్పు, జానెడు లోతు చాలు. ఒకటిన్నర దినం పని. విన్నవాళ్ళలో సగం మంది రామలింగయ్య ఏమంటాడో అన్నారు. మిగతా సగం, సాంక్షన్ వస్తుంది గదా, ఊరికే ఎందుకు అన్నారు. అదీ నిజమే. పస్తున్న కడుపుతో ఊరికే గడ్డపార ఎవరు ఎత్తుతారు? మల్లికి కోపం రాలేదు.

పోలయ్య దొడ్డి తడిక తియ్యకుండానే ఫోను చెవికి పెట్టుకుని అరుస్తున్నాడు. ఫోనులో అరిస్తేనే పొదిలిదాకా వినబడుతుందని ఆయన నమ్మకం. "ఈ శుక్రారం రావొద్దు సామీ! ఆఁ! రెండు వారాలు ఆగు! ఎందుకా? కాలవ పని ఉంది!" పెట్టేసి కూతురి వెనకాలే నడిచాడు.

"రెండు వారాల్లో వాన రాకపోతే?" అడిగింది మల్లి.

"అప్పుడు పొదిలాయన వస్తాడు."

ఎనిమిది గంటలకి పుష్పమ్మ వచ్చింది, తన సుత్తితో. "నేను తట్టిన పిడకలు నేనే పీక్కుంటా," అని ఒక్కో దిమ్మ దగ్గరా కూర్చుని టోపీలు కొట్టడం మొదలుపెట్టింది. చేతులకి గుడ్డలు చుట్టుకుని రాధాకుమారి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు. ముప్పై మంది గుంపులో ఆరుగురు. రామలింగయ్య మనిషొకడు సైకిల్ మీద వచ్చి, గట్టు మీద నిలబడి, ఎవరెవరు ఉన్నారో చూసుకుని పోయాడు.

పలకరాయి వానకి కొంచెం మెత్తబడింది. గడ్డపారని నిలువుగా కాక ఏటవాలుగా పొడిచి, రేకు సందులో మొన దించి, పైకి లేపితే పెళ్ళలుగా ఊడుతోంది. కార్ఖానాలో పలకరాయి చీల్చే పద్ధతి అది. ఆ పదిహేను రోజులూ ఈ పద్ధతి ఎందుకు తట్టలేదా అని మల్లి ఆశ్చర్యపోయింది. అప్పుడు లోతు గురించి ఆలోచించింది గానీ రాయి గురించి ఆలోచించలేదు.

అసలు చిక్కు మట్టంతో వచ్చింది. టోపీలు తీసేసినా ఎక్కడికి ఎంత దించాలో కంటితో తెలియదు. మల్లి ఊళ్ళో మేస్త్రీ దగ్గర మట్టం పైపు అడిగి తెచ్చింది. పాతిక గజాల తెల్ల ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్ళు. ఒకరు ఒక కొస, ఇంకొకరు రెండో కొస పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. పోలయ్యకి ఒక కొస ఇచ్చింది. ఆయన దాన్ని గొర్రెపిల్ల మూతిలా పట్టుకున్నాడు, కిందికి వంచాడు, సగం నీళ్ళు పోయాయి. మళ్ళీ నింపింది. మళ్ళీ పోయాయి.

"నాయనా, కదలకుండా పట్టుకోవాల!"

"నేను కదలటంలా, అవే కదులుతున్నాయి."

"ఇటియ్యి పెద్దాయనా."

శివపార్వతి. ఎప్పుడు మొద్దు దాటి వచ్చిందో ఎవరూ చూడలేదు. గడ్డి కోసే కొడవలి నడుములో ఉంది. పోలయ్య చేతిలోంచి గొట్టం తీసుకుని, కొసని బొటనవేలితో మూసి, మెట్టు దగ్గరికి నడిచి, అడుగు మీద ఒక పుల్ల గుచ్చి, దానికి ఆనించి నిలబెట్టింది. ఆ తర్వాత వేలు తీసింది. నీళ్ళు ఊగి ఊగి ఆగాయి. చెయ్యి రాయిలా ఉంది.

మల్లి రెండో కొస పట్టుకుని తొమ్మిదో దిమ్మ దగ్గర అంతే ఎత్తు పుల్ల గుచ్చి కూర్చుంది. రెండేళ్ళుగా ఈ మనిషితో మాట లేదు. ఏమని మొదలుపెట్టాలో తెలియక పనిలోంచే మొదలుపెట్టింది.

"ఎంతుంది వదినా?"

"పుల్లకి నాలుగు వేళ్ళు పైన."

"ఇక్కడ రెండు వేళ్ళే."

"అయితే ఇంకా దించాల అక్కడ."

అట్లా మూడుచోట్ల చూశారు. పడమటి వీధి నుంచి ఎవరో శివపార్వతిని కేకేశారు. ఆమె పలకలేదు. నాలుగోచోటికి గొట్టం జరుపుతున్నప్పుడు, లోపలి నీటి గీతనే చూస్తూ, మల్లి వైపు చూడకుండా అంది:

"మంగళారం వాన పెద్దది గాబట్టి మా పక్క నీళ్ళు ఎక్కి వచ్చినాయి. చిన్న వానైతే మీదాకా రావు. అక్కడే ఆగిపోతాయి."

"యాడ?"

శివపార్వతి బొటనవేలు మళ్ళీ గొట్టం కొస మీద పెట్టింది. ఒక్క చుక్క కూడా పోలేదు.

"మా పక్క దిమ్మలు తొమ్మిది గదా. అందులో నాలుగు."

గట్టు మీద పుష్పమ్మ సుత్తి ఆగింది. రాధాకుమారి గడ్డపార మీద ఆనుకుని నిలబడిపోయింది. పోలయ్య నోరు తెరిచాడు. ఎవరైనా ఆ క్షణంలో ఒక మాట తూలవచ్చు. రెండేళ్ళుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. గురువారం అందరి ముందూ తను ఒక్కతే తలదించుకుని నిలబడినప్పుడు ఈమె ఎక్కడుంది అని మల్లి అడగవచ్చు.

మల్లి తన కొసని కూడా వేలితో మూసింది. లేచి నిలబడింది.

"ఏ నాలుగు?" అని అడిగింది.

శివపార్వతి గొట్టాన్ని భుజాన వేసుకుని మొద్దు దాటింది. మల్లి గడ్డపార తీసుకుని ఆమె వెనక దిగింది.